అస్లం చాచా స్విచ్ మాట

అస్లం చాచాను ఒక మాట అడిగితే పది మాటలు చెప్తాడు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద చెరుకు రసం మిషన్లు బాగుచేసే దుకాణం ఆయనది. పక్కనే నా జిరాక్స్ సెంటర్. ఇద్దరికీ నడుమ ఒక్క రేకు గోడ, కాబట్టి ఆయన చెప్పేదంతా నా చెవిన పడాల్సిందే. ఎండాకాలం వస్తే నవీపేట్ నుంచి కోటగిరి దాకా రసం బండ్ల వాళ్లు ఆయన దగ్గరికే వస్తారు. మిషన్ ఎక్కడ కొన్నారు, చెరుకు ఎవరి చేనుది, నిన్న ఎంతసేపు ఆడించారు, ఇవన్నీ తెలుసుకున్నాకగాని పానా ముట్టుకోడు. ఈ పనిలో నలభై ఏళ్లయినా పది వేళ్లూ ఉన్నాయని, అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదని చేతులు చాపి మరీ చూపిస్తాడు.

నిరుడు ఒక రోజు నా కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"శైలజా, గిరాకొచ్చినోడు నాకే చెప్తుండు బేటా, ఫోన్ల గిట్ల చెప్పిందని. గా ఫోనుకు ఎవరు చెప్పిండ్రు?"

"యాడనో ఎవరో రాస్తరు చాచా. అది సదివి చెప్తది."

"ఆ రాసినోడు రసం మిషన్ ఎన్నడన్న ఇప్పి సూసిండా?"

అయితే నువ్వే చెప్పు చాచా, నేను రాస్త అన్నాను. అట్లా చాచా పేరు మీద ఒక వెబ్‌సైట్ మొదలైంది. నేను చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు కట్టిస్తుంటాను, వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. ఆ విద్య కొంత నెత్తికెక్కింది కూడా. చాచాకు వివరంగా చెప్పాను. ఇదివరకు ఏదైనా వెతికితే వరుసగా పేజీల పేర్లు వచ్చేవి, జనం లోపలికొచ్చి చదివేవాళ్లు. ఇప్పుడు పైననే జవాబు కనిపిస్తుంది, ఎవరూ కిందికి దిగరు. అందుకని ప్రశ్న రాయగానే దాని కిందనే రెండు ముక్కల్లో జవాబు పెట్టాలి. కథలన్నీ ఆ తర్వాత.

చాచా గడ్డం గోక్కున్నాడు. "అంటే ముందు జవాబు, తర్వాత సలాం" అన్నాడు.

మూడు మధ్యాహ్నాలు ఆయన చెప్తుంటే నేను రాశాను. పిప్పి ఇరుక్కుని మిషన్ జామైతే ఏం చేయాలి అన్న దగ్గర ఆయన చెప్పింది ఇట్లా ఉంది: "స్విచ్ బంద్ జేసి బెల్టు సూడుండ్రి. స్విచ్ బంద్ జేసి పెద్ద చక్రం ఎనకకు తిప్పుండ్రి. స్విచ్ బంద్ జేసి పిప్పి గుంజుండ్రి." ఒకే మాట మూడుసార్లు ఎవరు చదువుతారు? మూడూ తీసేసి, పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో ఒక్కసారి పెట్టాను, ఏ పని చేసినా ముందు స్విచ్ బంద్ చేయాలని. చదివి వినిపిస్తే చాచా, "గవి యాడ పోయినయి?" అన్నాడు. పైన ఉంది కదా, ఒక్కసారి చాలు అన్నాను. "నీకెరుక" అని ఊరుకున్నాడు.

రెండు నెలలకు మా జవాబు అన్నిటికన్నా పైకొచ్చింది. ఆ రోజు నేనే మిర్చి బజ్జీలు తెప్పించాను. చాచాకైతే కొత్త ఆట దొరికినట్టయింది. తెలుగులో అడుగుతాడు, ఉర్దూలో అడుగుతాడు, తెలిసిందే తెలియనట్టు అడుగుతాడు. ఫోన్ తడబడితే సంబరం, తడబడకపోతే ఇంకా సంబరం.

మార్చిలో గంగుబాయి వచ్చింది. బోధన్‌లో బండి పెట్టుకుని బతికే మనిషి. చూపుడు వేలికి కట్టు ఉంది. తన మిషన్‌ను ఆటోలోంచి దింపిస్తూనే చెప్పసాగింది.

"పిప్పి ఇరికి మిషన్ ఆగింది అస్లం భాయ్. ఫోన్‌ను అడిగితే, పెద్ద చక్రాన్ని అర చుట్టు వెనక్కి తిప్పి పిప్పిని బయటికి లాగండి అన్నది. తిప్పిన, గుంజిన. మోటరు స్విచ్ చాలు ఉన్నది యాదికి లేదు. చక్రం వదులు కాంగనే రోలర్లు ఒక్కసారే తిరిగినయి. ఏలు బయటికొచ్చింది గని గోరు అండ్లనే పోయింది."

ఆ వాక్యం నాది. అక్షరం తేడా లేదు. జిరాక్స్ ఆపి వాకిట్లోకి వచ్చాను. చాచా నా వైపు ఒకసారి చూశాడు, అంతే. గంగుబాయి మిషన్ బెల్టు సరిచేసి, స్విచ్ సంగతి నాలుగుసార్లు చెప్పి పంపించాడు.

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "నువ్వు పైన పెద్దగ రాసినవు కద, గది ఎందుకు సదవలే?" అని నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"ప్రశ్నకు దగ్గరున్న రెండు ముక్కలే తీసుకుంటది చాచా. పైనున్నది ఇడిసిపెట్టింది."

ఆయన మిషన్ పళ్ల చక్రం మీద బిగించే ఇనుప జాలీని ఎత్తి పట్టుకున్నాడు. "గీ జాలీని గోడకు కొడితే ఏలు ఆగుతదా? చక్రం మీదనే ఉండాలె."

ఆ పూటే జవాబు తిరగరాశాను. ఏ వాక్యాన్ని ఒంటరిగా పీకినా అందులో స్విచ్ ఉండేటట్టు రాశాను. చిన్నపిల్లల ఎక్కం లాగా ఉంది. ఉండనీ అనుకున్నాను. కాని మనం రాసినంత తొందరగా ఫోన్ మారదు. రోజూ పొద్దున అడుగుతాం, అదే పాత వాక్యం వినిపిస్తుంది. ఎవరి చేయి నలుగుతుందో అని నాకు అన్నం సయించలేదు. చాచా ఒంటి గంటకే షట్టర్ దించి, ఎర్ర రంగు డబ్బా స్కూటర్‌కు తగిలించుకుని డిచ్‌పల్లి, బోధన్, కోటగిరి తిరిగాడు. కనిపించిన ప్రతి మిషన్ మీద, చక్రం పక్కనే, 'ముందు స్విచ్' అని రాసి వచ్చాడు.

పందొమ్మిదో రోజు జవాబు మారింది. "స్విచ్ బంద్ చేసి, ప్లగ్గు పీకిన తర్వాతే చక్రాన్ని వెనక్కి తిప్పండి." కింద చాచా పేరు లేదు. కావలసిందంతా పైననే దొరుకుతుంటే మా పేజీకి వచ్చేవాళ్లు సగానికి పడిపోయారు. నాకు ఉక్రోషమొచ్చింది. చాచా మాత్రం ఆ జవాబును ఏడెనిమిది సార్లు చెప్పించుకుని విన్నాడు.

రంజాన్ వెళ్లిన వారానికి గంగుబాయి మళ్లీ వచ్చింది, బేరింగు మార్పించడానికి. చాచా చెప్పగా ఫోన్‌ను అడిగి చూసింది. అది స్విచ్ మాట చెప్పగానే తల ఊపింది.

"గిప్పుడు ఎవరో తెలిసినోళ్లు రాసిండ్రు. అప్పుడు రాసినోడు దొరికితే వాని చెయ్యే మిషన్ల పెట్టిస్తుంటి."

చాచా పానా కింద పెట్టాడు. "గది నా పేజీనే గంగుబాయి. తప్పు నాదే."

నేను గోడ ఇవతల ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఊరుకోలేక వాళ్ల ముందుకు వెళ్లాను.

"చాచాది కాదు గంగక్కా. ఆయన మూడుసార్లు చెప్పిండు. సదవడానికి బాగుండదని తీసేసింది నేను."

గంగుబాయి నన్ను కింది నుంచి పై దాకా చూసింది. తిడుతుందని తల వంచుకున్నాను. ఆమె చూపుడు వేలు నా కళ్ల ముందుకు తెచ్చింది.

"కొత్త గోరు అస్తున్నది" అంది. "సూడు."

చూశాను.