బోణీ కాలే, జర ఆగు

పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త ప్లాట్‌ఫామ్ మీదికి మార్చడం నా ఉద్యోగం. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిన కోడ్ చదవాలి, అది చేసే పనంతా కొత్త భాషలో మళ్లీ రాయాలి. రాసినవాళ్లెవరో తెలియదు. తెలియకపోవడమే మంచిది, హాయిగా తిట్టుకోవచ్చు.

పంజాగుట్టలోని ఒక రెడీమేడ్ బట్టల షాపు పని వచ్చినప్పుడు మాత్రం తిట్టడానికి నోరు రాలేదు. ఆ షాపు బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసింది మా అన్న. పొద్దున మైత్రీవనంలో కంప్యూటర్ క్లాసులు చెప్పి, మధ్యాహ్నాలు ఆ షాపులో కూర్చుని రాశాడు. అన్న జ్వరంతో పోయి చాలా ఏళ్లయింది. ఫొటోల్లో ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటాడు. అన్న ఆలోచించే తీరు మిగిలింది ఈ ప్రోగ్రామ్‌లోనే. ఇప్పుడు దాన్ని తీసేయాలి. ఆ పని అడిగి మరీ తీసుకున్నాను. ఇంకెవరో తీసేస్తే తట్టుకోలేననిపించింది. షాపువాళ్లకు మాత్రం నేనెవరో చెప్పలేదు. జాలి చూపిస్తే నాకు చిరాకు.

అమీర్‌పేట ఆఫీసులో మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ కోడ్ తెరిచేదాన్ని. నీలం తెర, పసుపు అక్షరాలు. కిటికీ బయట మెట్రో రైలు వెళ్తుంటే దాని నీడ నా టేబుల్ మీంచి మెల్లగా జారిపోయేది. ఆ మగతలో చదువుతున్నానో వింటున్నానో తెలిసేది కాదు. "ఇదెందుకు ఇట్ల రాసినవ్ అన్నా?" అని మనసులో అడిగితే, "జర ఓపిక పట్టు చెల్లే, కింద చెప్పిన కద" అన్నట్టుండేది. నిజంగానే కింద వివరణ రాసి ఉండేది.

కొత్తది సిద్ధమయ్యాక రెండింటినీ పక్కపక్కన పెట్టి నడిపి చూశాం. ఒక్కచోట తేడా వచ్చింది. పొద్దున షాపు తెరవగానే ఎవరైనా చొక్కా ఎక్స్ఛేంజ్‌కు తెస్తే పాతది ఒప్పుకోవడం లేదు. కాసేపయ్యాక ఒప్పుకుంటోంది. "పాతదాంట్లో బగ్, కొత్తదాంట్లో పోయింది" అని మా టీమ్ సంబరపడింది. మా అన్న కోడ్‌లో బగ్గా! ఒళ్లు మండి వెతికాను. దొరికింది. ఆ రోజు మొదటి అమ్మకం అయ్యేదాకా ఎక్స్ఛేంజ్‌కు తాళం వేసి పెట్టాడు. నొక్కితే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాట వస్తుంది: "బోణీ కాలే. జర ఆగు."

అచ్చం అన్న గొంతు. చుట్టూ అందరూ చూస్తున్నా ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆ తాళాన్నీ, ఆ మాటనూ కొత్తదాంట్లో అలాగే పెట్టి షాపుకు తీసుకెళ్లాను. ఇప్పుడు షాపు చూసుకుంటున్నది దాని ఓనరు సేటు కూతురు. చూసి నవ్వింది కానీ తల అడ్డంగా ఊపింది.

"ఆఫీసులకు పోయేటోళ్లు పొద్దుగాలనే వస్తరక్కా. మిషనే వద్దంటే లొల్లి పెడ్తరు. తీసెయ్యి."

గల్లా పక్కన కుర్చీలో సేటు కూర్చుని ఉన్నాడు. ఆమె మాటలో తప్పేం లేదు. నా చేత్తోనే తీసేశాను. ఫ్లైఓవర్ కింద నుంచి అమీర్‌పేట దాకా నడిచే వెళ్లాను, హారన్లు కూడా ఎక్కడో దూరంగా వినిపించాయి. అన్న రెండోసారి పోయినట్టనిపించింది.

కొత్త ప్రోగ్రామ్ మొదలుపెట్టే రోజు పొద్దున్నే షాపుకు వెళ్లాను. కంప్యూటర్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఊదొత్తి పొగ తెర ముందు ఇంకా తిరుగుతోంది. మొదట వచ్చినామె చేతిలో ఆ షాపు కవరే ఉంది. చొక్కా బిగుతైందట, మార్చాలట. సేటు కూతురు మౌస్ పట్టుకుంది. కొత్తది అడ్డు చెప్పదు.

"బోణీ కాలే అమ్మా" అన్నాడు సేటు కుర్చీలోంచి. "జర ఆగు."

గిర్రున తిరిగి చూశాను. అదే మాట, అదే మెత్తదనం. ఇన్నాళ్లూ నేను అన్న గొంతనుకున్నది ఈయనది. అన్న ఇక్కడ కూర్చుని విన్నాడు, విన్నదాన్ని విన్నట్టే రాశాడు. ఒక్క క్షణం సేటు మీద కుళ్లు పుట్టింది. తర్వాత, అన్న ఆ మూల స్టూలు మీద కూర్చుని చెవి ఇటు పెట్టినట్టు కనిపించి, మనసు చల్లబడింది.

వచ్చినామె ఫోన్‌లో టైమ్ చూసుకుంటోంది. సేటు కూతురు ఇరకాటంలో పడింది.

"బోణీ నేన్ జేస్త" అన్నాను. "ఒక చొక్కా ఇయ్యండి."

"ఏం సైజు బిడ్డా?"

"నలభై." ఆలోచించకుండానే నోటికి వచ్చింది.

సేటు తనే లేచి గళ్ల చొక్కా ఒకటి తీశాడు. నేనిచ్చిన నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేశాడు. కొత్త ప్రోగ్రామ్‌లో మొదటి బిల్లు వచ్చింది.

"ఎవరికి?" అన్నాడు కవర్ అందిస్తూ.

"మా అన్నకు."

"సైజు కుదరకుంటే పట్కరా, మారుస్తం. పొద్దుగాల మాత్రం రాకు."

"రాను" అన్నాను.