ట్రాన్స్‌ఫార్మర్ మీద పిల్లి

ఈ రోజు మధ్యాహ్నమంతా మొయినాబాద్ దగ్గర యాదయ్య పూలతోటలో బందీగా కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ కంపెనీల వేడుకలకు వెళ్లే పూలను దాచే చల్లగదికి, మోటారు వేగాన్ని మార్చే డ్రైవు అనే పరికరంతో మోటారు బిగించి, ట్రాన్స్‌ఫార్మర్ సైజు చెప్పింది నేనే. బడి మొహం చూడకపోయినా పుస్తకాలు చదివినవాణ్ని కదా, మోటారుకు సరిపడా లెక్కగట్టాను. డ్రైవు కరెంటును కుదుపులుగా గుంజి ట్రాన్స్‌ఫార్మర్‌ను అదనంగా వేడెక్కిస్తుందన్న పేజీ మాత్రం దాటేశాను.

ఈ రోజు చల్లగది పక్కన నేలమీదున్న ఆ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. మోటారు ఆపితే రేపటి పూలు వాడిపోతాయి, నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. యాదయ్య నా స్కూటర్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"పెద్దది తెప్పిస్త తమ్మీ. అప్పటిదాక స్పీడు తగ్గించి నడుపుదాం" అన్నాను.

"ఏమోనే అన్నా! మా పిల్లి రోజూ ఆ పెట్టె మీదనే పంటది. ఇయ్యాల పొద్దుగాల దుంకి ఉరికింది. అది మల్ల ఎక్కేదాక నువ్వు కదలొద్దు."

వేగం తగ్గించి ఇద్దరం పిల్లివైపే చూస్తూ కూర్చున్నాం. మూడు చాయ్‌ల తర్వాత అది వచ్చి, ఒక కాలు పెట్టి చూసి, తీరిగ్గా పడుకుంది. తాళంచెవి చేతికొచ్చింది.

నలభై ఏళ్ల నా అనుభవానికి చివరికి పిల్లి సంతకం కావాల్సి వచ్చింది. మీ పనిని పాస్ చేసేది ఎవరండీ?