బానెట్టక్కకు దొరకని లోపం

పాత కారు కొనేవాళ్ళు ముందు బేరమాడి, తర్వాత బండి చూస్తారు. బానెట్టక్కను వెంట తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం ముందు బండే చూస్తారు. ఈ మెకానిక్ అసలు పేరు చాలామందికి తెలియదు. కారు దగ్గరికి వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తుంది. వెచ్చగా తగిలిందో, తాళాలు కూడా అడగదు. చల్లగా ఉన్నప్పుడు మొరాయించే ఇంజను, ముందే తిప్పి వేడెక్కిస్తే బుద్ధిగా నడుస్తుందని ఆమెకు తెలుసు. తళతళలాడే బండ్లంటే మరీ అనుమానం. పైన పటారం, లోన లొటారం అంటుంది. ముప్పై ఏళ్ళలో తన మాట నమ్మి కొన్నవాడు ఒక్కడూ తిట్టుకోలేదని ఆమెకు గర్వం. దాన్ని దాచుకునే మనిషి కూడా కాదు.

ఒకరోజు ఆమె దగ్గరికి ఓ నర్సు వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి మంచాన పడ్డ ముసలివాళ్ళకు ఇంజెక్షన్లు వేసి, కట్లు మారుస్తుంది. పద్నాలుగేళ్ళ కారు ఒకటి నచ్చిందని చిరునామా చెప్పేసరికి అక్కకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. అది సొంత తమ్ముడి కారు. వాడిది చిన్న బేకరీ. పిండి పిసికి పిసికి కుడి భుజం దెబ్బతింది. కారమ్మి పిండి కలిపే మిషను కొనుక్కోవాలని వాడి ఆశ. అతను నా తమ్ముడే, కావాలంటే ఇంకో మెకానిక్‌ను చూసుకోమని అక్క ఉన్నమాట చెప్పేసింది. నర్సు మీరే రండంది.

వెళ్ళారు. బేకరీ ముందు నిలిపిన కారు బానెట్ వెచ్చగా ఉంది. ఎవరూ అడక్కుండానే తమ్ముడు, పొద్దున పాలకని అలా వెళ్ళొచ్చానన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వాలకం. పరాయివాడైతే అక్క వెనుదిరిగేదే.

"రేపొస్తాం. తాళాలు నాకిచ్చెయ్," అంది.

వాడు మొహం మాడ్చుకుని ఇచ్చాడు.

మర్నాడు చల్లటి ఇంజను తిప్పితే నీలం పొగ వచ్చింది. అక్క కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఇది ఇంజనాయిల్ తాగే బండి, నెలకో లీటరు పోయాలి. క్లచ్ ఏడాదిలోపే మార్చాలి. గేర్‌బాక్సు, బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. తుప్పు లేదు. ఏడాది పొడుగునా మేపినా, కొత్త కారుకు నాలుగు నెలలు కట్టే వాయిదాలంత కాదు. నర్సు మనసులో లెక్క వేసుకుని, సరే తీసుకుంటానంది.

అంతసేపూ తమ్ముడు పక్కకు తిరిగి నిలబడ్డాడు. పరువు తీసినందుకు అలిగాడనుకుంది అక్క.

"ఇంకోటుందక్కా," అన్నాడు నేల చూస్తూ. "మూడేళ్ళ కిందట వానల్లో సీట్ల దాకా నీళ్ళలో మునిగింది. వైరింగు సగమే మార్పించాను. తర్వాత రెండుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరూ చెప్పలేకపోయారు."

అక్క ఇందాకే సీట్ల కింద కూడా చూసింది. అంతా ఆరబెట్టి కొత్త మ్యాట్ వేయించినవాడెవడో గట్టి పనివాడు. ఆమెకు ఏమీ దొరకలేదు.

నర్సు తెరిచిన పర్సు మూసేసింది. "ఆయిల్ పోసుకుంటాను. క్లచ్ మార్పించుకుంటాను. ఎప్పుడాగుతుందో తెలియని బండితో మాత్రం నావల్ల కాదండీ. అవతల మంచంలో నాకోసం చూసేవాళ్ళుంటారు." తమ్ముడికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

తమ్ముడు చొక్కా చేతులు మడుచుకుని బేకరీలోకి, పిండి దగ్గరికి నడిచాడు. ఆ భుజం ఎత్తడానికి వాడు పడుతున్న బాధ చూస్తే అక్కకు గుండె చివుక్కుమంది. అయినా ఛాతీ మాత్రం పొంగింది. తాను లోపాలు పట్టిన ఏ బండి దగ్గరా ఇంత గర్వపడలేదు.

సాయంత్రం షెడ్డులో తోటి మెకానిక్కులు, ఆ కారులో ఏం పట్టావని అడిగారు.

"అసలు లోపం నాకు దొరకలేదురా. మా తమ్ముడే చెప్పాడు," అంది.

అడగనివాళ్ళను కూడా పిలిచి మరీ చెప్పింది.