ఎడమకు ఒరిగే పడవ

దయ్యాలను నమ్మను అంటూ మొదలుపెట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆ తర్వాత వాళ్లు చెప్పేదంతా దయ్యం కథే అయి ఉంటుంది. ఇప్పుడు నేనూ అదే మాటతో మొదలుపెట్టాల్సి వచ్చింది, ఏం చేయను?

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, రాయదుర్గంలో ఆఫీసు. పొద్దున నుంచి సాయంత్రం దాకా నా పని ఒక్కటే, ఒక తప్పు ఎందుకు వస్తోందో పట్టుకోవడం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావి ముట్టుకోకూడదు. "ఏమో మేడం, దానంతట అదే వస్తోంది" అని ఎవరైనా అంటే వాళ్లకు ఆ రోజు మూడినట్టే. కడపలో మా నాన్న ఇంట్లో దిష్టి కూడా తీయనిచ్చేవాడు కాదు. నేను ఆయన కూతుర్నే.

మా ఆయన మహేందర్‌ది పుప్పాలగూడ. ఈ అపార్టుమెంట్లు రాకముందు అక్కడి చెరువుల్లో చేపలు పట్టి బతికిన కుటుంబం. మామయ్య పోయి చాలా కాలమైంది. అత్తమ్మ మాతోనే నల్లగండ్లలో ఉంటుంది. మహేందర్‌కు ఒక తమ్ముడు, నరేశ్. ఇంట్లో అందరికీ చిన్నోడు. ఆఫీసులకు క్యాబ్ నడిపేవాడు, పెళ్లి కాలేదు.

చిన్నోడికి పడవల పిచ్చి. మూతపడిన ఏదో రిసార్టు నుంచి పాత ఫైబర్ మోటారు పడవను తెచ్చుకుని, శంకర్‌పల్లి వైపు తెలిసినాయన తోట పక్కనున్న చెరువులో వేసుకున్నాడు. నలుగురైదుగురు పట్టే పడవ. స్టీరింగ్ ముందు మధ్యలో, ఇంజన్ వెనక. నడపడానికి అన్నను కూర్చోబెట్టి, తాను మాత్రం వెనక బల్ల మీద ఎడమ చివర కూర్చుని ఇంజన్ చప్పుడు వింటూ ఉండేవాడు. ఒక్క అత్తమ్మ వచ్చిన రోజున ఆ చోటు ఆమెది. ఆమె వెళ్లి బల్ల మీద చేత్తో తడితే వాడు నవ్వుకుంటూ కుడి చివరకు జరిగేవాడు. పెద్దవాళ్లు వస్తే చోటివ్వడం పడవల్లో పెరిగిన వాళ్లకు పుట్టుకతో వచ్చే అలవాటట.

ఒకరోజు పొద్దున ఇడ్లీ తిని, "వస్తనే అమ్మా" అని వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

గొడవ లేదు, అప్పు లేదు, ఎవరితోనూ మాటామాటా అనుకున్నది లేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. కంప్లయింట్ ఇచ్చాం. మహేందర్ ఎన్ని దవాఖానల మార్చురీలు తిరిగాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికొచ్చి ఏదీ ముట్టకుండా నేరుగా స్నానానికి వెళ్లి, బట్టలు తడిపేసి వచ్చేవాడు. అంతే, అర్థమయ్యేది.

అత్తమ్మ మాత్రం ఏడవలేదు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే, చిన్నోడి నంబరుకు రీచార్జ్ ఆగకూడదు. "నంబర్ పోతె వాడు దేనికెల్లి ఫోన్ జేస్తడు బిడ్డా?" అనేది. ఆ పని నాది. మరిచిపోకుండా ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.

పడవను చెరువు గట్టున బోర్లించి ఉంచాం. రెండు వానాకాలాలు దాని మీదుగా పోయాయి. ఒకసారి అటువైపు వెళ్లినప్పుడు అత్తమ్మ దాన్ని చూసింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. "చిన్నోడొచ్చి సూస్తె ఏమనుకుంటడు? మనిషి లేడని గిట్ల పడేస్తరా?" అంది. అలా మొదలైంది బాగుచేయడం. ఇంజన్ల మెకానిక్ ఖాజా భాయ్‌ని పిలిచాం. ప్రతి ఆదివారం మహేందర్ అరగదీసి, పూత వేసి, నీలం రంగు కొట్టాడు. అత్తమ్మ మళ్లీ మనిషైంది. కూరల్లో ఉప్పు సరిగ్గా పడడం మొదలైంది. నాకు ఆ పడవంటే అప్పుడే ఇష్టం పుట్టింది.

నీళ్లలోకి దించిన మొదటి రోజు గట్టు దగ్గర సమంగా నిలబడింది. చెరువు మధ్యకు వెళ్లేసరికి ఎడమకు ఒరిగింది. స్టీరింగ్ కూడా ఎడమకే లాగుతోంది. మహేందర్ నడుపుతున్నాడు, నేను మధ్య బల్ల మీద నడిమికి కూర్చున్నాను. వెనక బల్ల ఖాళీ.

ఇంటికొచ్చాక అత్తమ్మ ఎలా నడిచిందని అడిగింది. "అంతా బాగానే ఉంది, కొంచెం ఒరుగుతోంది" అన్నాను.

"ఎటు దిక్కు?"

"ఎడమకు."

ఆమె మహేందర్ ముఖంలోకి చూసింది. అతను తల దించుకుని చెప్పులు సర్దుతున్నట్టు నటించాడు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందని నాకు ఆ క్షణమే తెలిసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమబ్బా, పాత పడవ అన్నాక ఏదో ఒక పక్కకు ఒరగదా? దానికో కారణం ఉంటుంది. పట్టుకుంటాను చూడండి" అన్నాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పట్టు బిడ్డా. మిషన్ల తప్పే గావాలె" అంది.

మిషన్‌లో తప్పే కావాలి. పడవలో తప్పు దొరికితే కొడుకు బతికి ఉన్నట్టు. దొరకకపోతే ఆ ఎడమ చివర కూర్చున్నది వాడే. బతికున్న మనిషి కంటికి కనబడకుండా అక్కడ కూర్చోడు కదా. ఆమె లెక్క అది. తప్పని ఎలా చెప్పను?

మేస్త్రీలు గోడలకు పెట్టే రసమట్టం ఒకటి చందానగర్‌లో కొని వెనక బల్ల మీద అడ్డంగా బిగించాను. పడవ ఎడమకు ఒరిగితే అందులో బుడగ కుడికి పోతుంది. ప్రతిసారీ ఫోన్‌లో వీడియో తీశాను.

ముందు స్టీరింగ్ కేబుల్ మార్చాం. తర్వాత ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న రెక్కను తిప్పి చూశాం. స్టీరింగ్ లాగడం కొంచెం తగ్గింది, ఒరగడం తగ్గలేదు. ఇంజన్ సరిగ్గా నడిమికి లేదేమోనని ఊడదీసి కొలిచి మళ్లీ బిగించాం. ప్రొపెల్లర్ తిరిగే తోపుకు పడవ ఒరుగుతుందని ఖాజా భాయ్ అంటే, చెరువు మధ్యలో ఇంజన్ ఆపేసి చూశాం. ఆపినా ఒరిగే ఉంది. గాలి లేని రోజు వెళ్లాం. మహేందర్ ఒక్కడే వెళ్లి చూశాడు. అయినా అంతే. కుడి పక్కన ఇసుక బస్తా పెడితే మధ్యలో సరిగ్గా నిలబడింది, అదే బస్తాతో గట్టుకొచ్చేసరికి కుడికి ఒరిగింది. అంటే గట్టు దగ్గర లేని బరువేదో మధ్యలో ఎక్కుతోంది.

దీనికీ ఒక కారణం ఉండొచ్చు. నేల పలక కింద నీళ్లు చేరి ఉంటే, పడవ కదిలాక అవి వెనక్కి, ఓ పక్కకు పారుతాయి. పలక కోయించాను. పడవ తేలడానికి లోపల నింపే ఫోమ్ ఎడమ వైపు నాని ముద్దగా ఉంది, పిండితే నీళ్లు కారాయి. నేను అక్కడే ఎగిరి గంతేశాను. అత్తమ్మకు వీడియో కాల్ చేసి ఆ తడి ముద్దను చూపించాను. ఆమె "నా తల్లే, నా తల్లే" అంటూ ఫోన్‌నే ముద్దు పెట్టుకుంది. ఆ రోజు చేపల పులుసు వండి, మా ఫ్లోర్‌లో అందరికీ పంచింది.

పాత ఫోమ్ అంతా పీకించి, ఎండబెట్టి, కొత్తది నింపించి, పలక మూయించాను. మళ్లీ నీళ్లలో వేశాం.

మధ్యకు వెళ్లాం. బుడగ కుడికి పోయింది. ఎప్పుడూ ఆగే గీత దగ్గరే, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది.

ఖాజా భాయ్ ఇంజన్ మూత పెట్టేసి, "మేడం, ఇగ నాతోని కాదు. మషీన్‌ల ఏం ఖరాబీ లేదు" అన్నాడు. ఇంటికెళ్లి అబద్ధం చెబుదామనే అనుకున్నాను. తలుపు తీసిన అత్తమ్మకు నా ముఖం చూడగానే అంతా తెలిసిపోయింది.

"నన్ను తోల్కపో" అంది.

మరుసటి ఆదివారం పొద్దున తీసుకెళ్లాం. ఎండ బాగా కాస్తోంది, తోటలో ఎవరో చెట్లకు పురుగుమందు కొడుతున్నారు, దయ్యాలకు తగిన వాతావరణం ఏమీ లేదు. లైఫ్ జాకెట్ తొడిగి అత్తమ్మను మధ్య బల్ల మీద నా పక్కన, వీలైనంత నడిమికి కూర్చోబెట్టాను. మధ్యకు చేరగానే ఎప్పటిలాగే ఎడమకు ఒరిగింది. మహేందర్ ఇంజన్ ఆపాడు. నేను ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను.

ఆమె కాసేపు వెనక బల్ల వంకే చూసింది. తర్వాత నా భుజం పట్టుకుని లేచింది. వద్దంటున్నా వినకుండా వెనక్కి వెళ్లి, ఎడమ చివర బల్ల మీద చేత్తో రెండుసార్లు తట్టింది.

"జర జరుగు బిడ్డా" అంది.

అక్కడే కూర్చుంది.

ఒరిగిన వైపే ఇంకో మనిషి బరువు పడితే పడవ ఇంకా ఒరగాలి. నేను భయపడి గట్టిగా అంచు పట్టుకున్నాను. పడవ ఎడమ వైపు మెల్లగా పైకి లేచింది. బుడగ నెమ్మదిగా వచ్చి రెండు గీతల నడుమ నిలబడిపోయింది. మేం ఎవరమూ కదల్లేదు.

అత్తమ్మ తన పక్కన కుడి వైపు ఖాళీ బల్ల మీద చెయ్యి వేసి ఉంచింది. గట్టుకు వచ్చేదాకా తీయలేదు. మహేందర్ వెనక్కి తిరిగి చూడలేదు. అతని భుజాలు కదులుతున్నాయి.

కారులో తిరిగి వస్తుంటే, తెల్లాపూర్ దాటాక అత్తమ్మ అంది, "ఇగ చిన్నోని నంబర్‌కు పైసలెయ్యకు బిడ్డా."

"ఎందుకత్తమ్మా, ఉండనీ. ఏదో ఒక రోజు ఫోన్ చేస్తాడు" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

"వాడిప్పుడు యాడికెల్లి జేస్తడు బిడ్డా?" అంది, ఎంతో మామూలుగా. మహేందర్ కారు పక్కకు తీసి ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గరుంది. ఖాజా భాయ్ చూశాడు. నా టీమ్‌లో ఇద్దరికి సంగతేంటో చెప్పకుండా చూపించాను, వాళ్లు నీళ్ల లెక్కలు, బరువు లెక్కలు ఏవేవో చెప్పారు. అవన్నీ నేను అప్పటికే వేసి చూసిన లెక్కలు. ఒక్కటీ సరిపోలేదు. మళ్లీ ఆ పడవను నీళ్లలో వేసి చూడొచ్చు. నాకు ధైర్యం లేదు. ఒరిగితే ఏం చేయాలో తెలియదు, ఒరగకపోతే ఏం చేయాలో అసలే తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ బుడగ నడిమికి ఎందుకొచ్చిందో మాత్రం చెప్పలేను.

ఆ తర్వాతి నెల, వంటింట్లో ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నా ఫోన్ మోగింది. చిన్నోడి రీచార్జ్ రిమైండర్. తీసేయడం మరిచిపోయాను.

"ఎవలు బిడ్డా?" అని అత్తమ్మ చటుక్కున తలెత్తింది.

"ఎవరూ కాదత్తమ్మా" అన్నాను.

ఆమె మళ్లీ తల దించుకుని చిక్కుడుకాయ ఈనె తీసింది.