వాటీ రెన్నీ మా బస్సెక్కిన రోజు

వాటీ రెన్నీని మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ముందే చెబుతున్నా, నాకు కొంచెం నోటి దురుసు. పదహారేళ్ళుగా స్కాట్లండులో కూపర్ నుంచి కిల్‌డ్రమ్ దాకా నలభై మూడో నంబరు బస్సు నడుపుతున్నాను. నోరు లేకపోతే ఆ గొర్రెల మధ్య, ట్రాక్టర్ల మధ్య బండి ముందుకు కదలదు.

సెప్టెంబరు నెల. రెండ్రోజులుగా వదలని ముసురు. నా సీటు వెనక అద్దానికి వారం కిందటే కాగితం అంటించారు, ప్రయాణికులు లేనందువల్ల అక్టోబరు ఆఖరుతో ఈ బస్సు ఆపేస్తున్నామని. ఆ కాగితం పడ్డప్పటినుంచి మాకు కొత్త చుట్టాలు మొదలయ్యారు. బస్సుల పిచ్చోళ్ళు. ఫలానా రూటు పోతోందని తెలిస్తే చాలు, పోయేలోపు ఒక్కసారి ఎక్కాలని ఎక్కడెక్కడినుంచో దిగుతారు. మెడలో కెమెరా, చేతిలో నోటు పుస్తకం, సంచిలో ఫ్లాస్కు. ఆఖరి చూపుకొచ్చినట్టే వస్తారు, చూసుకుని పోతారు.

ఈయనా అదే బాపతు అనుకున్నాను. పొట్టి మనిషి, డెబ్భైకి దగ్గర్లో ఉంటాడు, నీలం వానకోటు. కార్డు తీసి టిక్కెట్టు మిషను మీద పెట్టాడు. అది కుయ్‌మంది.

"ముందు సీట్లో కూర్చోవచ్చా తల్లీ?"

"బస్సంతా ఖాళీయే. అందుకేగా నువ్వొచ్చింది," అన్నాను.

"అందుకే వచ్చాను," అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా. అలాంటి మనిషితో పోట్లాట ఎలా పెట్టుకుంటాం?

పొద్దున ఆరున్నరకి కర్కాడిలో బయల్దేరి అప్పటికే మూడు బస్సులు మారాడట. అక్కడ నేల మీద పరిచే లినోలియం తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్ళు చేసి రిటైరయ్యాడు. పెళ్ళి లేదు, కారు నడపడం రాదు. వాళ్ళమ్మ బస్సు కండక్టరు. బడి సెలవులొస్తే పిల్లాణ్ణి ఇంట్లో వదల్లేక వెనక సీట్లో కూర్చోబెట్టి రోజంతా తిప్పేదట. "మిగతా పిల్లలు బీచికెళ్ళాలని ఏడ్చేవాళ్ళు. నేను బస్సు దిగనని ఏడ్చేవాణ్ణి," అన్నాడు.

ఇంజిను చప్పుడు విని ఏ ఏడాది బండో చెప్పేస్తాడు. నా బండి రెండో గేరులో మూలుగుతోందని ఆర్నెల్లుగా షెడ్డులో మొత్తుకుంటున్నా, వినే నాథుడు లేడు. ఈయన రెండో మలుపులోనే "దీనికి రెండో గేరులో నొప్పిగా ఉందమ్మా" అన్నాడు. అప్పటికి మనిషి కొంచెం నచ్చాడు.

బాల్‌మోర్‌లో ఎఫీ లమ్స్‌డెన్ ఎక్కింది. డెబ్భై తొమ్మిదేళ్ళు. ఆవిడ మొగుడు రాబీ రెండేళ్ళుగా కిల్‌డ్రమ్ వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. పెళ్ళాం పేరు మర్చిపోయాడు గానీ, ఆవిడ చేత్తో పెడితేనే తింటాడు. ఎనిమిది మైళ్ళు. మా బస్సు తప్ప వేరే దారి లేదు. ఈ బస్సు పోతే ఆయన ముద్ద ముట్టడు. వారం రోజులుగా కంపెనీని నేను తిట్టిన తిట్లన్నీ ఎఫీ కోసమే.

"ఎక్కు ఎక్కు, తడుస్తున్నావు," అన్నాను. ఎక్కి కూర్చుంది.

మాకదో పద్ధతి. అరవై దాటినవాళ్ళకి టిక్కెట్టు లేదు, కార్డు మిషను మీద పెడితే చాలు. నేను మాత్రం ఎవరినీ అడగను. నన్ను ఉయ్యాల్లో ఊపిన మనుషులు. నువ్వెవరో రుజువు చూపించు అని వాళ్ళనెలా అడుగుతాను? నాకంటే ముందు ఈ బస్సు నడిపిన మా మామయ్యా అడిగేవాడు కాదు. అది మా ఊళ్ళ మర్యాద.

దారి పొడుగునా ముసలాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు. డాక్టరు దగ్గరికి కొందరు, కొట్టుకి కొందరు. కిల్‌డ్రమ్‌లో ఒక్కొక్కరూ నాకు థాంక్స్ చెప్పి దిగిపోయారు. వాటీ దిగలేదు. నా మిషను వైపు చూస్తున్నాడు.

"సెంగా," అన్నాడు, నా చొక్కా మీద పేరు చదివి. "ఈ ట్రిప్పుకి ఎంతమంది ఎక్కారంటోంది అది?"

చూశాను. "ఒకరు."

"ఆ ఒక్కణ్ణీ నేనే. నా పుస్తకంలో పందొమ్మిది మంది ఉన్నారు."

"నా బండెక్కి నాకే తప్పులు పడతావా? పనీపాటా లేని మనిషివి, ఫోటోలు తీసుకుని దిగు," అన్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

"తిట్టు, ఫర్వాలేదు. కానీ ఆ కాగితం అంటించినవాళ్ళు నీ బస్సులోకి తొంగి చూడరమ్మా. వాళ్ళు చూసేది మిషనునే."

స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మర్యాద మర్యాదంటూ ఎఫీని లేని మనిషిని చేసింది నేనే. కంపెనీ కాదు. నేనే. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. వాటీ ఫ్లాస్కు మూతలో టీ పోసి, చీజు రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం అతను లెవెన్ అనే ఊరు వెళ్ళి, సముద్రం పక్కన తిరిగే పాత డబుల్ డెక్కర్ ఎక్కాలి. ఏడాదిలో ఒక్కరోజే దాన్ని బయటికి తీస్తారు. రెండు నెలలుగా దానికోసమే చూస్తున్నాడట. వెళ్ళలేదు. సాయంత్రం దాకా నా వెనకే కూర్చుని ఎక్కినవాళ్ళనీ దిగినవాళ్ళనీ రాస్తూ పోయాడు. ఆ రోజుకి కార్డులడగడానికి నాకింకా నోరు రాలేదు. ఆరు ట్రిప్పులకి అతని పుస్తకంలో నూట నలుగురు. మిషనులో పదకొండు మంది, అందులో ఆరుసార్లు అతనే.

పుస్తకంలోంచి ఆ కాగితాలు చింపి నా చేతిలో పెట్టాడు. "ఇది బయటపెడితే నీ ఉద్యోగానికే ముప్పు. తెలుసు. పెట్టమని నేననను."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఇక్కడ పోయేది పాపమో ఉద్యోగమో తెలీదు. గురువారం ఈ బస్సు గురించే ఊరి హాల్లో మీటింగు. మా యజమాని క్రైటన్, జిల్లా కౌన్సిల్ నుంచి ఒకావిడ వచ్చారు. చివరి వరసలో వాటీ, మళ్ళీ మూడు బస్సులు మారి వచ్చాడు. నేను లేచి ఉన్నదున్నట్టు చెప్పి, కాగితాలు బల్ల మీద పెట్టాను.

"రూలు తెలీదా సెంగా?" అన్నాడు క్రైటన్.

"తెలుసండీ. తెలిసే చేశాను. శిక్ష నాకెయ్యండి, వాళ్ళకి కాదు."

కౌన్సిల్ ఆవిడ ఆ కాగితాలు రెండుసార్లు చదివింది. క్రైటన్‌తో గుసగుసగా చాలాసేపు మాట్లాడింది. చివరికి తేల్చారు. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక. బస్సుకి జనవరి ఆఖరు దాకా గడువు. అప్పటికి మిషను ఏం చెబితే అదే ఖాయం.

సోమవారం వాటీ ముందు సీట్లో ఉన్నాడు. బాల్‌మోర్‌లో వానలో ఏడుగురు నిలబడ్డారు, అందరికంటే ముందు ఎఫీ. ఎప్పట్లా లోపలికి నడవబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను.

"కార్డు, ఎఫీ."

ఆవిడ మొహం చిన్నబోయింది. "నన్నా అడుగుతున్నావు? మీ అమ్మ పెళ్ళికి కేకు చేసిందాన్ని."

"నువ్వెవరో నాకు తెలుసు. వాళ్ళకీ తెలియాలి."

సంచీ తెరిచింది. మింటు బిళ్ళలు, దువ్వెన, రాబీకి ఉతికి మడిచిన మేజోళ్ళు ఒక్కొక్కటే తీసి నా ముందు పెట్టింది. అన్నిటికంటే అడుగున కార్డు. మిషను మీద ఆనించింది. కుయ్‌మంది.

"ఎక్కినట్టేనా?"

"ఎక్కినట్టే."

ఎఫీ మెట్టు మీదే వెనక్కి తిరిగి, వానలో ఉన్న ఆరుగురినీ చూసింది.

"కార్డులు చేతిలో పట్టుకోండి అందరూ," అంది. "అక్కడ మా ఆయన ఆకలిమీదుంటాడు."