పిడుగు కడియం

నా చిన్నప్పటికే మా ఇంటి వైభవం తగ్గింది గానీ, మేము తల దించింది లేదు. మా ముత్తాత చంద్రగిరి దిగువన మూడు ఊళ్లకు మునసబు. ఆయన ఎదురైతే తాసిల్దారైనా గుర్రం దిగేవాడు. ఆయన తండ్రి, కోట బురుజు కింద పిడుగు పడిన చోట దొరికిన ఇనుముతో ఒక కడియం కొట్టించాడు. అది చేతికి ఉంటే పిడుగు మమ్మల్ని తాకదు. అయితే ఊరికే తిరిగిపోదు. ఆ రోజు మా సంగటి తిన్న ప్రాణిని ఒకదాన్ని పేరుపెట్టి పిలవాలి. పిడుగు దాని మీద పడుతుంది. చేనికి పోయినప్పుడల్లా తొలి ముద్ద ఎద్దు నోట్లో పెట్టేది ఇందుకే. ఊరు దాన్ని దయ అనుకునేది.

డెబ్బైల నాటి మాట. నాకు తొమ్మిదేళ్లు. కార్తీకంలో వేరుశనగ పెరుకుతుంటే కొండ మీదినుంచి మబ్బు దిగింది. మొదటి పిడుగు గట్టున ఉన్న తాటిచెట్టును చీల్చింది. మా తాతయ్య తన కడియం తీసి నా చేతికి తొడిగాడు.

"పిలువు పాపా."

ఎద్దు పేరు అందుకోబోయాను. ఆయన నా నోరు మూశాడు.

"ఎద్దు పోతే రేపు దున్నేదెవురు, మీ నాయనా? సొక్కా నలగకుండా తిరిగేటోడు! ఆడ సూడు, ఆయమ్మ ఉండాది గదా."

చేను అవతలి కొసన, మా ఇంట్లో పనిచేసే అక్క పెరికిన చెట్ల మీద గోనెపట్టలు కప్పుతోంది. మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని మా సంగటి తిన్నది. నా ముద్దలో రాయి తగిలిందంటే, తన ముద్దలో సగం విరిచి నాకిచ్చింది.

మళ్లీ ఉరిమింది. భయంతో ఆమె పేరు పెట్టి అరిచాను.

ఎందుకు పిలిచానో ఆమెకు తెలియదు. "వస్తా ఉండా పాపా! తడుస్తావు, ఆడే ఉండు!" అంటూ, నా తల మీద కప్పడానికి గోనెపట్ట విప్పుకుంటూ పరుగున వచ్చింది. సగం దూరం వచ్చింది.

తాతయ్య నా కళ్లు మూయలేదు. గడ్డం పట్టుకుని అటే తిప్పాడు. "బాగా సూడు. పెద్దింటోళ్లం ఇట్లనే మిగిలినాం" అన్నాడు.

మా పెద్దలను నేను ఎవరి ముందూ తక్కువ చేసి మాట్లాడను. కానీ అరవై దాటిన ఈ వయసులోనూ, మబ్బు పట్టిన రోజు నా నోట ఎవరి పేరూ రాదు. నా బిడ్డలనైనా చప్పట్లు కొట్టి పిలుస్తాను.

ఆ ఎద్దును మూడు నెలలకే మా నాయన పీలేరు సంతలో అమ్మేశాడు.