తెగిన ఎర్తు పట్టీ

తుపాను వెలిసిన మూడోనాడు, ఉదయం ఆరున్నరకి చీపురుపల్లి స్టేషనులో దిగాం. సైన్యం సహాయానికి పంపిన ఇరవై రెండుమందిమి. రెండు డీజిలు ట్రక్కుల్ని రైలు మీంచి దింపుకున్నాం. సన్నటి వాన. సాయంత్రానికి శ్రీకాకుళం దాటి, సముద్రపొడ్డున ఒక పల్లెలో గుడారాలు వేశాం. అరవైల చివరి సంగతి. నేను బండ్ల ఎలక్ట్రీషియన్ని. పుట్టింది ఆ చుట్టుపక్కలే.

ఐదోరోజు మేజరు తనిఖీకి వస్తున్నాడన్నారు. ట్రక్కులు నిలువెల్లా బురద. తాగడానికే మంచినీళ్ళు లేవు. "ఉప్పుటేట్లో కడిగెయ్యండి" అన్నాను. కడిగారు. బండ్లు మెరిశాయి, మేజరు మురిశాడు. ఆపైన రోజూ అలాగే కడిగించాను. ఎలక్ట్రీషియన్నయి ఉండి ఆ మాట ఎలా అన్నానో నాకే తెలీదు.

పదిహేనోరోజు పల్లెలో కలరా. చేపలమ్మే పోలమ్మకి తెల్లవారుజాము నుంచి వాంతులు, విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. ఒక ట్రక్కు బియ్యానికి వెళ్ళింది. ఉన్న రెండోదాంట్లో ఆమెనీ, మొగుడు ఎర్రయ్యనీ, మా నర్సింగు సిపాయినీ ఎక్కించాం. ఆస్పత్రి పద్నాలుగు మైళ్ళు. వైర్‌లెస్‌లో డాక్టరు గొంతు: "సెలైను సిద్ధంగా ఉంది. ఒంటిగంటలోపు తీసుకురండి. ఆలస్యమైతే మనిషి దక్కదు. ఓవర్."

పదకొండూ నలభైకి బయల్దేరాం. నాలుగో మైలులో వాన జోరందుకుంది. ఇంజను దగ్గింది, కుదిపింది, ఆగింది.

డ్రైవరు పాతపట్నంవాడు. వరస లేకపోయినా నన్ను బావా అనేవాడు. డీజిలు ఫిల్టరు విప్పి కడిగాడు, లైనులో గాలి తీశాడు. స్టార్టరు ఠక్కున తిరిగింది. రెండు ఫర్లాంగులు పోయాక మళ్ళీ అదే తంతు.

"డీజిల్లో నీళ్ళు కలిసినాయి బావా."

"కరెంటు సూస్తానుండు."

"డీజిలింజనుకి కరెంటుతో ఏటి పని? స్టార్టైపోనాక బ్యాటరీ పీకి పారేసినా నడుస్తాది."

చాలా బండ్లకి ఆ మాట నిజం. ఈ బండికి మాత్రం ట్యాంకులోంచి డీజిలు తోడేది కరెంటు పంపు. అది టిక్కుటిక్కుమంటూనే ఉంది. అందుకే నేనూ వాడి మాటకి తలూపి, ముప్పావుగంట ఆ ఫిల్టరుతోనే కుస్తీ పట్టాను.

ఎర్రయ్య దిగి వచ్చాడు. వానలో తడుస్తూ చేతులు జోడించాడు. "బాబూ, సల్లబడిపోతన్నాది. ఏటైనా సెయ్యండి బాబూ."

అప్పుడు తట్టింది. వైపరు వేసినప్పుడల్లా ఇంజను దగ్గుతోంది. ఆపితే కాస్త తేరుకుంటోంది. చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టాను. ఒకటి బ్యాటరీ ప్లస్సుకి, రెండోది ఇంజనుకి ఆనించాను. బల్బు భగ్గున వెలిగింది. రెండోదాన్ని బండి ఉక్కుచట్రానికి, అదే ఛాసిస్‌కి మార్చాను. మిణుకుమంది. వైపరు వేయించాను. ఆరిపోయింది. పంపుకి కరెంటు వెళ్తోంది, చట్రం మీదుగా ఇంజనుకి తిరిగొచ్చే దారే సరిగా లేదు. ఇంజన్నీ ఛాసిస్‌నీ కలిపే ఎర్తు పట్టీ మీద చెయ్యి వేశాను. రాగి పట్టీ పచ్చటి పొడి పట్టి ఉంది. లాగితే తెగి చేతిలోకి వచ్చింది. వేలు నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

"ఏటైనాది బావా?"

"ఏటీ లేదు. హెడ్‌లైట్ల వైర్లు కోసియ్యి."

పగలు గనక లైట్లతో పనిలేదు. వైర్లన్నీ పొర ఒలిచి, జడలా అల్లి, బోల్టులు ఇసకతో రుద్ది బిగించాను. గడియారం చూశాను. ఒంటిగంటా పది.

ఇక వైపరు తిరుగుతున్నా ఇంజను గుక్కతిప్పుకోకుండా లాగింది. ఒంటిగంటా యాభైకి ఆస్పత్రి చేరాం. డాక్టరు నాడి చూశాడు. ప్రాణం పోయి పావుగంట దాటిందన్నాడు.

ఎర్రయ్య చాలాసేపటికి నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నాడు. "నీ తప్పేటి నేదు బాబూ. నువ్వుండబట్టే బండి కదిలినాది."

నెల తరవాత యూనిట్‌కి తిరిగి వెళ్ళాం. పరేడులో మేజరు నన్ను ముందుకు పిలిచి, లైట్ల వైర్లతో పట్టీ అల్లినందుకు మెచ్చుకున్నాడు. "థాంక్యూ సర్" అన్నాను. పిరికివాణ్ణి. ఉప్పుటేటి సంగతి ఇన్నేళ్ళకి మీకే చెబుతున్నాను.

పోలమ్మని తీసుకెళ్ళిన ఆరోజు, చివరి మైళ్ళలో ఒక్కసారి క్యాబిను కిటికీలోంచి వెనక్కి చూశాను. నర్సింగు సిపాయి పోలమ్మ మణికట్టు వదిలేసి తల దించుకుని ఉన్నాడు. ఎర్రయ్య అటు చూడటం లేదు. మా వైపు తిరిగి, క్యాబిను వెనక ఆనుకున్న పలకకి రెండు చేతులూ ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి, పడవని నీళ్ళలోకి దించుతున్నట్టు తోస్తున్నాడు. బండి బాగానే పోతోంది. అయినా తోస్తూనే ఉన్నాడు.